ప్రెస్ నోటులో రెండో గొంతు

"కనిపించినవారు ముందుగా అన్నం పెట్టి, ఆ తరువాత స్టేషనుకు ఫోన్ చేయగలరు."

ఈ వాక్యం చూసి కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చదివాను. పత్రిక జిల్లా ఎడిషన్‌లో సబ్‌ఎడిటర్‌గా నా ఉద్యోగమంతా పోలీసుల ప్రెస్ నోట్లు దిద్దడంతోనే గడిచింది. మనిషి తప్పిపోతే వాళ్లు రాసేవి నాలుగే ముక్కలు. ఎత్తు, ఛాయ, చొక్కా రంగు, ఫోన్ నంబరు. తప్పిపోయినవాడికి అన్నం పెట్టమని రాసిన స్టేషన్ను నేనెరగను.

తప్పిపోయింది లోవరాజు. తుని అవతల చినమల్లాపురంలో ఒక టెంట్ హౌస్‌లో మైకుసెట్టు కుర్రాడు. వానాకాలం మొదట్లో పక్క ఊరి పెళ్లిలో మైకు కట్టి, సామాను వ్యానెక్కించి, తన బండి మీద ఇంటికి బయల్దేరాడు. ఇంటికి చేరలేదు. బండి ఏటి వంతెన పక్కన దొరికింది. తల్లి నూకాలమ్మ బస్టాండు దగ్గర ఇడ్లీ కొట్టు నడుపుతుంది. ఆమెకు ఒక్కడే కొడుకు.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, రిటైరయ్యాక నాకు పట్టుకున్న పిచ్చి అలాంటిది. 'ఆచూకీ' అని ఆన్‌లైన్‌లో ఒక గుంపు ఉంది. తప్పిపోయినవాళ్ల కేసులు తీసుకుని, పోలీసులు ఏమన్నారు, ఏమనలేదు, ఎందుకనలేదు అని రోజంతా తవ్వుకుంటూ ఉంటాం. బ్యాంకు మేనేజర్లున్నారు, ఇల్లాళ్లున్నారు, పనిలేని నాబోటివాళ్లు దండిగా ఉన్నారు. అందులో నన్ను డెస్కు తాత అంటారు. ఆ పిలుపు నాకు ఇష్టమే, పైకి విసుక్కుంటాను గాని.

ఆ గుంపుకి అంత పేరు రావడానికి కారణం మాత్రం నేను కాదు. మా అక్క కూతురు హైమ.

హైమ హైదరాబాదులో భాషల మీద కంప్యూటర్లతో పరిశోధన చేస్తుంది. రెండేళ్ల కిందట మా ఇంటికొచ్చి, నా దగ్గర పోగుపడ్డ పాత ప్రెస్ నోట్ల కట్టలు చూసింది.

"మావయ్యా, వీటిల్లో ఏ కేసు ఎలా ముగిసిందో నీకు గుర్తుందా?"

"గుర్తుండకేం. నోటు చదవగానే తెలిసిపోయేది. ప్రత్యేక బృందాలు వేశాం అని ఊళ్ల పేర్లు చెప్పారంటే మనిషి బతికున్నాడనుకుంటున్నారు. అన్ని కోణాల్లో దర్యాప్తు చేస్తున్నాం అంటే ఆశ వదిలేసుకున్నారు."

"అలా నువ్వు కనిపెట్టగలిగింది యంత్రం కూడా కనిపెట్టగలదు."

అలా పుట్టింది 'ఊపిరి'. నేను ఒక్కో నోటుకీ గుర్తు పెట్టాను. దాన్ని రాసిన రోజున పోలీసులు లోపల ఏమనుకున్నారు, చివరికి ఏమైంది అని. ఆమె వాటితో యంత్రానికి చదువు చెప్పింది. ప్రెస్ మీట్లలో గొంతులు, నోటుకీ నోటుకీ మధ్య ఎడం, ఎవరు సంతకం పెట్టారు, ఏ మాట కిందటిసారి ఉండి ఈసారి లేదు, అన్నీ అది మింగేసింది. చివరికి మా ఆన్‌లైన్ పేజీలో అందరికీ కనపడేలా ఒక అంకె వేసేది. మనిషి బతికున్నాడని పోలీసులు నూటికి ఎంతపాళ్లు నమ్ముతున్నారో ఆ అంకె.

పోలీసులు నమ్ముతున్నది మాత్రమే. అసలు సంగతి దానికి తెలియదు. హైమ ఆ మాట పేజీ పైభాగంలో ఎర్ర అక్షరాలతో పెట్టింది. ఎవడు చదివాడు గనక. కిందటేడు ఒక కాలేజీ అమ్మాయి కేసులో పోలీసులు మొహాలు వేలాడేసుకుని మాట్లాడుతుంటే ఊపిరి తొంభై చూపించింది. రెండ్రోజులకి ఆ పిల్ల స్నేహితురాలింట్లో క్షేమంగా దొరికింది. ఆ రోజు నుంచి జనానికి ఆ అంకె అంటే గురి కుదిరింది.

లోవరాజు మొదటి నోటుకి ఊపిరి ఇరవై దాటలేదు. ఏటి పక్కన బండి దొరికిన కేసు, అంతకన్నా ఏం వస్తుంది? రెండో నోటుకి నలభై అయింది. మూడో నోటు చదివి నేనే గుంపులో డప్పు కొట్టాను.

"గమనించారా? తప్పిపోయినవాడి నోటులో 'చివరిసారిగా కనిపించాడు' అనే ముక్క లేకుండా ఉండదు. మొదటి నోటులో ఉంది. ఇప్పుడు తీసేశారు. ఎందుకు తీసేశారంటే, ఆ తర్వాత కూడా ఎవరికో కనిపించాడు కాబట్టి. అది మనకి చెప్పడం లేదు."

ఇంత తెలివి నాకెక్కడిదని అందరూ మెచ్చుకున్నారు. నేను కాఫీ తాగుతూ ఆ మెచ్చుకోళ్లన్నీ ఒకటికి రెండుసార్లు చదువుకున్నాను.

నాలుగోది అన్నం పెట్టమన్న నోటు. దానికి ఊపిరి డెబ్బై ఒకటి చూపించింది. గుంపంతా ఊగిపోయింది.

"ఇది మామూలు జనానికి రాసింది కాదు, వాణ్ని దాచినవాళ్లకి రాసింది. తిండి పెట్టి బతికించండి అని సందేశం" అన్నాడు లెక్కల మాస్టారనే ఆయన.

"అయితే ఎక్కడ దాచారు? పెళ్లికి తీసుకెళ్లింది టెంట్ హౌస్ ఓనరు వీర్రాజు. అతనికి ఊరి బయట గోడౌన్ ఉంది" అని ఇంకొకావిడ ఆకాశంలోంచి తీసిన బొమ్మ కూడా పెట్టింది.

అంతే. ఆ ఆదివారం చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లు కొందరు వెళ్లి గోడౌన్ తాళం పగలగొట్టారు. షామియానాలు, వంట పాత్రలు, ప్లాస్టిక్ కుర్చీలు తప్ప అందులో ఏమీ లేవు. వీర్రాజుని నాలుగు తన్నారు కూడా. అతను కొట్టు మూసేసి బావమరిది ఊరికి వెళ్లిపోయాడు. గుంపులో రెండు రోజులు ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. మూడో రోజు మళ్లీ మామూలే.

హైమకి మాత్రం ఆ విషయం మింగుడుపడలేదు. నన్ను హైదరాబాదు రమ్మంది. ఆమె లేబొరేటరీలో అప్పటికే గోడ మీది తెర మీద నాలుగు నోట్లూ పరిచి ఉన్నాయి. మాటలన్నిటికీ రెండు రంగులు వేసి ఉంది, నీలం, నారింజ.

"మావయ్యా, యంత్రం ఎందుకు డెబ్బై ఒకటి అందో విడదీసి చూశాను. ఈ నోటు ఒక్క మనిషి రాసింది కాదు. ఇందులో రెండు గొంతులున్నాయి."

"స్టేషన్లో నోటు రైటర్ రాస్తాడు, ఎస్సై దిద్దుతాడు. రెండు చేతులు పడటం కొత్తేం కాదు."

"చేతుల సంగతి కాదు. నీలం గొంతు నమ్మకం పది. మొదటి నుంచీ అంతే, పైగా తగ్గుతోంది. నారింజ గొంతు నమ్మకం తొంభై తొమ్మిది. మొదటి నోటులో నారింజ లేనే లేదు. రెండో నోటులో ఒక్క మాట. నాలుగోదానికి సగం నోటు ఆ మనిషిదే."

కుర్చీ తెర దగ్గరికి లాక్కున్నాను. "అంటే పైన ఎవరో ఉన్నారన్నమాట. వాడెక్కడున్నాడో తెలిసిన పెద్ద అధికారి. ఎస్సైకి కూడా చెప్పకుండా నోటు దిద్దుతున్నాడు."

"నేనూ అదే అనుకున్నాను. కానీ ఇది చూడు." ఇంకో గీత గీసి చూపించింది. "మన అంకె పెరిగాక, రెండు మూడు రోజులకి వచ్చే నోటులో నారింజ ఇంకొంచెం పెరుగుతోంది. ఆ నోటు వల్ల మళ్లీ అంకె పెరుగుతోంది. ఆ రెండో మనిషెవరో మన పేజీ చూస్తున్నారు మావయ్యా. మన అంకె చూసి ధైర్యం తెచ్చుకుంటున్నారు."

పెద్ద అధికారికి మన అంకెతో పనేమిటో నాకు అంతుబట్టలేదు. చినమల్లాపురం వెళ్లి అడిగేద్దామని హైమే అంది. గుంపులో ఎవరికీ చెప్పకుండా బయల్దేరాం.

ఎస్సై తాతారావుకి నలభై ఐదేళ్లుంటాయి, కానిస్టేబులుగా చేరి పైకొచ్చిన మనిషి. ఊపిరి తయారుచేసింది మేమే అని చెప్పగానే కుర్చీలో వెనక్కి వాలి మా ఇద్దరి వంకా చాలాసేపు చూశాడు. తిడతాడనుకున్నాను. టీ తెప్పించాడు.

"మీరు రావాల్సిన టైముకే వచ్చారండి. ఇంకో నోటు రాశాను. వినిపించడానికి వెళ్తున్నాను. మీరూ రండి."

"వినిపించడమా? ఎవరికండి?" అన్నాను.

"నూకాలమ్మకండి. ఆవిడ విని సరేనన్నాకే పైకి పంపుతాను."

హైమ మెల్లిగా అడిగింది, "మొదటి నోటు కూడా వినిపించారా?"

"లేదండి, దానితోనే వచ్చింది గొడవ. అందులో మామూలుగా రాసేశాం, ఇంటి నుంచి వెళ్లిపోయాడని. ఎవరో చదివి చెప్పినట్టున్నారు. ఆవిడ వచ్చి ఇదిగో, ఈ బెంచీ మీద సాయంత్రం దాకా కూచుంది. మావోడు ఎల్లిపోలేదు బాబూ, రాలేదు, రెండూ ఒకటేనా అంటుంది. అప్పటి నుంచి రాసింది పట్టుకెళ్లి చదివి వినిపిస్తున్నాను. వద్దన్న ముక్క కొట్టేస్తాను. చెప్పిన ముక్క రాస్తాను. పోయేదేముందిలే అనుకున్నాను."

"చివరిసారిగా అనే మాట..."

"ఆవిడే తీయించిందండి. చివరిసారి అని ఎలా అంటావు బాబూ అంది. తీసేశాను."

నేను గుంపులో కొట్టిన డప్పు గుర్తొచ్చి తల దించుకున్నాను. ముప్పై ఏళ్లు నోట్లు దిద్దినవాణ్ని, ఒక తల్లి కొట్టేయించిన మాటని పట్టుకుని పోలీసు రహస్యం కనిపెట్టానని విర్రవీగాను.

తాతారావు తలుపు దగ్గరగా వేసి వచ్చి, గొంతు తగ్గించాడు. "అసలు సంగతి వినండి. వాడు తప్పిపోయిన రెండు వారాలకి పక్క జిల్లాలో ఏటి ఒడ్డుకి ఒక శవం కొట్టుకొచ్చింది. ముఖం తెలీదు, బట్టల్లేవు. వాళ్లు ఎముక నమూనా తీసి పెట్టి, పూడ్చేశారు. మనిషి పొడుగు సరిపోతోంది. ఆవిడ రక్తం ఇస్తే పోల్చి చూస్తారు. మూడుసార్లు అడిగాను. ఇవ్వనంటోంది."

"కోర్టు నుంచి ఆర్డరు తెచ్చుకోవచ్చు కదండీ" అన్నాను.

"తెచ్చుకోవచ్చండి. ఆ తర్వాత తల్లి చెయ్యి నొక్కి పట్టుకుని సూది గుచ్చమంటారా?" అని హైమ వైపు తిరిగాడు. "ఎందుకివ్వవమ్మా అంటే ఏం చెప్తుందో తెలుసా అండి? మీ పోలీసోళ్లే డెబ్బై ఒకటి అనుకుంటుంటే నన్నెందుకు అడుగుతావు అంటుంది."

హైమ చేతిలో టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. తాగలేదు.

ఇడ్లీ కొట్టంటే నాలుగు గుంజలు, రేకు, రెండు బల్లలు. మధ్యాహ్నం కావడంతో ఖాళీగా ఉంది. నూకాలమ్మ సన్నగా, పొడుగ్గా ఉంది. మమ్మల్ని చూసి బల్ల తుడిచి కూర్చోమంది. వెనక గోడకి ఒక సెల్‌ఫోన్ చార్జింగుకి వేలాడుతోంది. తెర మీద మా పేజీ తెరిచే ఉంది.

"చదువుతారా అమ్మా?" అని అడిగాను.

"అచ్చరాలు రావు బాబూ. అంకెలొచ్చు. యాపారం సేసేదాన్ని కదా." ఫోన్ తీసి మాకు చూపించింది. "మొదట్లో ఇరవైకి కూడా లేదు. ఆ రోజు పొయ్యి ఎలిగించలేదు నేను. ఇప్పుడు డెబ్బై ఒకటి. ఇన్ని ఊళ్లోళ్లు, ఇంత సదువుకున్నోళ్లు, పోలీసోళ్లు, అందరూ కలిసి ఏసిన అంకె."

తాతారావు జేబులోంచి కాగితం తీసి చదివాడు. ఆమె గ్లాసులో నీళ్లు పట్టుకుని వింది. ఒకచోట గ్లాసు కింద పెట్టింది. అతను చదవడం ఆపి, పెన్ను తీసి, ఆ వాక్యం కొట్టేశాడు. ఆమె మళ్లీ గ్లాసు చేతిలోకి తీసుకుంది. మా యంత్రం మాటల ఎడాలూ గొంతుల వణుకూ కొలిచింది గాని, ఆ గ్లాసు దానికెలా తెలుస్తుంది?

చదవడం అయ్యాక ఆమె అంది, "సలిగాలులు మొదలైనాయి బాబూ. దుప్పటి కూడా ఇమ్మని రాయి."

పెన్ను కాగితం మీద పెట్టి తాతారావు మా వైపు చూశాడు. ఆ దుప్పటి ముక్క పడితే అంకె ఎనభై దాటుతుందని హైమకీ తెలుసు, నాకూ తెలుసు. ఏమీ చెప్పకుండా లేచి వచ్చేయొచ్చు. నిజం చెప్పాలంటే నాకు అదే మేలనిపించింది. ఆ అంకె మీద ఆధారపడి ఆమె రోజూ పొయ్యి వెలిగిస్తోంది. దాన్ని లాగేయడానికి మేమెవరం? హైమ మోచేయి పట్టుకుని లేపబోయాను. ఆమె నా చెయ్యి తీసేసి వెళ్లి నూకాలమ్మ పక్కన కూర్చుంది.

"ఆ అంకె వేసే యంత్రం నేను చేశానమ్మా."

నూకాలమ్మ ఆమె మొహం నిమిరి, "సల్లగా ఉండు తల్లీ" అంది.

హైమ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా ఆగలేదు. "అమ్మా, అది పోలీసులు రాసింది చదివి అంకె వేస్తుంది. పోలీసులు రాసింది మీరు చెప్పింది. వద్దన్నవి తీసేశారు, చెప్పినవి రాశారు. అన్నం పెట్టమన్నది మీరు. అది చదివి నా యంత్రం, వీళ్లు గట్టిగా నమ్ముతున్నారు అనుకుంది. అది చూసి మీరు ఇంకా నమ్మారు. మీరు నమ్మారని ఈయన ఇంకొంచెం రాశారు. అమ్మా, ఆ అంకె మీదే. మీ మనసులో ఉన్నదే తిరిగి మీకు కనపడుతోంది."

బస్టాండులో ఒక బస్సు వచ్చి, జనాన్ని దింపి, వెళ్లిపోయింది. నూకాలమ్మ తాతారావు వైపు తిరిగింది.

"అయితే నువ్వనుకోలేదా బాబూ?"

తాతారావు తల వంచుకున్నాడు.

"ఆ ఊళ్లోళ్లు, ఆ సదువుకున్నోళ్లు?"

"మేము మీ మాటే చదివామమ్మా" అన్నాను.

"అయితే ఇన్నాళ్లూ నేనొక్కదాన్నేనా?"

ఆమె ఏడవలేదు. కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. ఫోన్ని హైమ ఒళ్లో పెట్టి, ఆ పేజీ కనపడకుండా చేయమంది. తర్వాత లేచి చట్నీ గిన్నె మూసి, పొయ్యి మీద నీళ్లు చల్లి ఆర్పి, తాతారావుతో అంది.

"పద బాబూ. ఎక్కడియ్యాలో సూపించు."

ఆస్పత్రిలో సూది గుచ్చుతున్నప్పుడు హైమ ఆమె రెండో చెయ్యి పట్టుకుని నిలబడింది. నేను వరండాలో కూర్చుని గుంపులో రాశాను. అన్నం మాట ఎవరిదో, చివరిసారిగా అనే మాట ఎందుకు పోయిందో, వీర్రాజు ఏ పాపం ఎరగడని, ఆ తప్పులో మొదటి వాటా నాదని. కొందరు నమ్మలేదు. తాతని పోలీసులు కొనేశారన్నాడు ఒకడు. లెక్కల మాస్టారు మాత్రం వీర్రాజు నంబరు అడిగి తీసుకున్నాడు.

ఫలితం రావడానికి నెల పట్టింది. అది లోవరాజే.

తాతారావు ఆఖరి నోటు పట్టుకెళ్లి ఆమెకి చదివి వినిపించాడు. ఈసారి ఆమె గ్లాసు కింద పెట్టలేదట. మృతదేహం అన్నచోట కూడా పెట్టలేదట. అంతా విని, చివర ఒక్క ముక్క రాయమంది. నోటు యథాతథంగా మాకు చేరింది. ఏటిలో దొరికిన మృతదేహం లోవరాజుదని పరీక్షలో తేలిందని, బండి జారి ఏటిలో పడినట్టు భావిస్తున్నామని, కేసు ముగిసిందని. చివర ఇలా ఉంది: "అతని కోసం వెతికినవారు ఎవరైనా సరే, పెద్ద కార్యం రోజున వచ్చి అన్నం తిని వెళ్లవలసిందిగా తల్లి కోరుతున్నారు."

హైమ దాన్ని ఊపిరికి ఇచ్చింది. అంకె కోసం కాదు. రంగులు ఎలా వస్తాయో చూడాలంది. యంత్రానికి కాసేపు పట్టింది. నోటు మొత్తం, మొదటి మాట నుంచి అన్నం మాట దాకా, ఒకే రంగులో వచ్చింది. దీన్ని ఒక్కరే రాశారు అని కింద రాసింది.

హైమ ఆ సాయంత్రమే ఊపిరిని ఆపేసింది. అంత కష్టపడి చేశావు, బాగుచేసుకోవచ్చు కదా అన్నాను. ఏం బాగుచేయాలి మావయ్యా, అది సరిగ్గానే చదివింది కదా అంది.

పెద్ద కార్యానికి మేమిద్దరం వెళ్లాం. షామియానా వేసింది వీర్రాజే. నుదుటి మీద కుట్లు మానిన మచ్చ ఇంకా ఎర్రగా ఉంది. మైకు మాత్రం పెట్టలేదు. గుంపులోంచి ఓ పదిహేను మంది దాకా వచ్చారు. ఇన్నాళ్లూ పేర్లుగానే తెలిసినవాళ్లు మనుషులుగా ఎదురై, ఒకరి మొహం ఒకరు చూసుకోలేక విస్తళ్ల ముందు బుద్ధిగా కూర్చున్నాం. లెక్కల మాస్టారు వీర్రాజు పక్కనే కూర్చున్నాడు.

నూకాలమ్మ స్వయంగా వడ్డించింది. హైమ దగ్గరకొచ్చి ఆగింది.

"ఇప్పుడు ఎంతుంది తల్లీ అంకె?"

"తీసేశానమ్మా."

ఆమె తలూపి, గరిటెతో పులుసు తీసి అన్నంలో పోసింది.

"సరే. సల్లారిపోద్ది, తిను" అని పక్క విస్తరి దగ్గరకి వెళ్లింది.